లిదియా హీటర్ తీసేయనివ్వలేదు

ఎల్లారెడ్డిలో తెల్ల అంబాసిడర్ నడిపే ఆడమనిషి అంటే చాలు, ఎవరైనా లిదియా ఇల్లు చూపిస్తారు. ఆ కారును ఆమె తండ్రి సుందర్ టాక్సీగా తిప్పేవాడు. ఆయన పోయాక ఒకరోజు పొద్దున లిదియా తాళంచెవి తీసుకుని టాక్సీల అడ్డా మీదికి వెళ్లింది.

"ఆడోళ్లు గీడ బండి పెడితే ఎట్లనమ్మా?" అన్నారు డ్రైవర్లు.

లిదియా వరసలో బండి నిలిపి, తలుపు తెరిచిపెట్టి కూర్చుంది. సాయంత్రం ఒక పెళ్లివాళ్లు వచ్చి ఎక్కారు. ఆ తర్వాత ఆమెను ఎవరూ ఏమీ అనలేదు.

ఇప్పుడామెకు నలభై దాటాయి. గిరాకీ తగ్గింది. తల్లి మరియ కిడ్నీలు పాడయ్యాయి. రోజు విడిచి రోజు ఆమెను కామారెడ్డికి డయాలసిస్‌కు తీసుకెళ్లడమే బండికి పెద్ద పని.

ఈ చలికాలం ఆ ప్రయాణం కష్టమైంది. డయాలసిస్ అయ్యి బయటికి వచ్చేసరికి మరియ గడగడ వణికేది. దుప్పట్లు ఎన్ని కప్పినా పళ్లు కొట్టుకునేవి. ఉత్తరాదిన చలి ఊళ్లలో తిరిగిన బండిని సుందర్ కొన్నాడు గనక దాంట్లో హీటర్ ఉంది. ఇన్నేళ్లూ దాని అవసరం పడలేదు. లిదియా మీట నొక్కింది. ఫ్యాను తిరిగింది గానీ చల్లగాలే వచ్చింది.

కామారెడ్డిలో వాళ్ల పాత మెకానిక్ సీతారాం బానెట్ ఎత్తి చూశాడు.

"మన దిక్కు హీటర్ ఎందుకు లిదియా? పైపులు పీకేసి మూతలు బిగిస్త. లొల్లి పోతది."

"పీకనియ్య, సీతారామన్నా. బాగ చెయ్యి."

"దీని సామాను దొరకదు."

"దొరికేదాక ఎతుకుదాం."

తమ్ముడు అరుణ్‌కుమార్ ఫోన్లో ఇంకో మాట అన్నాడు. "అక్కా, గా డొక్కు బండిని తుక్కుకు ఎయ్యి. కిరాయి కారు మాట్లాడుకుందాం."

"వాన కొట్టినా, బందున్నా వస్తదా నీ కిరాయి కారు?" అని ఫోన్ పెట్టేసింది.

ఇంజన్లో కాగిన నీళ్లు రెండు రబ్బరు పైపుల గుండా డ్యాష్‌బోర్డు కింద ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వెళ్లి తిరిగొస్తాయి. ఆ వేడినే ఫ్యాను లోపలికి తోస్తుంది. బండి నడిపి తెచ్చాక సీతారాం పైపులు పట్టి చూశాడు. ఒకటి వెచ్చగా ఉంది, ఇంకొకటి చల్లగా ఉంది. నీళ్లు వదిలే కుళాయి తుప్పుపట్టి బిగుసుకుపోయింది. దాన్ని విప్పి, శుభ్రం చేసి, చిన్న రేడియేటర్‌లోకి నీళ్లు కొట్టాడు. చాయ్ రంగు మడ్డి బయటికొచ్చింది.

"ఇగ అయిపోయింది," అన్నాడు.

కానీ కాలేదు. ఆ రోజు ఇంటిదారిలో తాడ్వాయి చేరకముందే గాలి మళ్లీ చల్లబడింది. మరియ దుప్పటి ముఖం దాకా లాక్కుంది. తల్లికి మందు వేయడానికి లిదియా బండి ఆపింది, ఇంజన్ ఆపలేదు. కాసేపటికి కాళ్ల దగ్గర వెచ్చగా తగిలింది. బయలుదేరగానే ఆ వెచ్చదనం పోయింది. డ్యాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపే ముల్లు కూడా కిందికి దిగింది. ఆమె లింగంపేట దాటేదాకా ఆ ముల్లు వైపే చూసింది. ఆగితే లేస్తోంది, నడిస్తే పడుతోంది.

తర్వాతి సారి సీతారాంకు అదే చెప్పింది. అతను నుదురు కొట్టుకున్నాడు.

"థర్మోస్టాట్ లేదు! ఎండాకాలం బండి ఉడుకుతదని ఎవడో పీకేసి ఉంటడు. ఇంజన్ కాగేదాక నీళ్లను ముందటి పెద్ద రేడియేటర్‌లకు పోకుంట ఆపేది అదే. అది లేకపాయె, గాలి తగిలితే ఇంజనే సల్లబడుతది."

"అయితే పెట్టు."

"పెడత గని, ఏప్రిల్‌ల ఉడికితే నన్ను అనొద్దు."

"ఎండలు కొట్టినప్పుడు రోడ్డు మీద నిలబడి నేనే నీళ్లు పోసుకుంట. మా అమ్మ ఇప్పుడు వణుకుతున్నదన్నా."

పాత సామాను అమ్మే దుకాణాలన్నీ ఇద్దరూ కలిసి తిరిగారు. చాలాచోట్ల నవ్వారు. ఒక దుకాణంలో అట్టపెట్టెల అడుగున అది దొరికింది. సీతారాం దాన్ని వేడినీళ్ల గిన్నెలో వేసి, తెరుచుకుంటోందని చూసుకుని, బిగించాడు.

ఆ మధ్యాహ్నం మరియ వణుకుతూనే వచ్చి ముందు సీట్లో కూర్చుంది. కామారెడ్డి దాటేసరికి ముల్లు లేచి అక్కడే నిలబడింది. తాడ్వాయి వచ్చింది, పోయింది. మరియ ఒక దుప్పటి తీసి వెనక్కి వేసింది. కాసేపటికి రెండోదీ తీసేసింది.

"ఏందే బిడ్డా, దమ్ బిర్యానీ ఒండుతున్నవా నన్ను? జర తగ్గియ్యి."

లిదియా నవ్వి ఫ్యాను కొద్దిగా తగ్గించింది, ఆపలేదు. లింగంపేట దగ్గర తల్లి నిద్రపోయింది. అరుణ్‌కుమార్ ఫోన్ చేశాడు. తుక్కు కొనేవాడు వస్తానంటున్నాడట.

"అమ్మ పండుకున్నది, మెల్లగ మాట్లాడు," అంది లిదియా. "వానికి రావద్దని చెప్పు. బండి ఇయ్య."