తవిటమ్మ చూసిన ఊళ్ళు

జలంత్రకోట తవిటమ్మ కాశీ వెళ్ళింది, రామేశ్వరం వెళ్ళింది, ఆగ్రాకైతే రెండుసార్లు వెళ్ళింది. కాశీలో విశ్వనాథుణ్ణి గానీ, ఆగ్రాలో తాజ్‌మహల్‌ని గానీ చూడలేదు. ఇదేం చోద్యమని నవ్వేవాళ్ళు ఆమె పని ఒక్కరోజు చేసి చూడాలి. పలాస నుంచి బయల్దేరే యాత్రాబస్సులో ఆమె వంటమనిషి. బస్సు ఆగీ ఆగగానే జనమంతా దర్శనానికి పరుగెడతారు. తవిటమ్మ బస్సు నీడన గ్యాసుపొయ్యి దింపుకుని ఎసరు పెడుతుంది. వాళ్ళు తిరిగొచ్చేసరికి అన్నం పొగలు కక్కుతుండాలి. వాళ్ళు తిన్నాక గిన్నెలు తోమి పైకెక్కిస్తే బస్సు కదులుతుంది. అలా ఆమె ఎరిగిన దేశమంతా బస్సులు నిలిపే మైదానాలే. ఏ ఊరి నీళ్ళకి కందిపప్పు బేగి ఉడుకుతుందో, ఏ ఊరి కోతులు మూత తీసి మరీ తింటాయో అడగండి, చెబుతుంది.

ఆమె భర్త నీలకంఠం ఒకప్పుడు కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపిన మనిషి. ఉద్దానంలో చాలామందికి వచ్చినట్టే అతనికీ కిడ్నీల జబ్బు వచ్చింది. వారానికి మూడుసార్లు పలాస వెళ్ళి డయాలసిస్ మంచం మీద పడుకోవాలి. గుంజకి కట్టిన ఆవుకి తాడు ఎంత పొడుగో, అతని లోకం ఇప్పుడు అంత. తవిటమ్మ యాత్రకి వెళ్ళినన్నాళ్ళూ పలాసలో ఉన్న కూతురు యామిని అతన్ని చూసుకుంటుంది.

తవిటమ్మ తిరిగొచ్చాక వాళ్ళిద్దరికీ ఒక ఆట ఉంది. ఆసుపత్రిలో అతని మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆమె ఫోన్లో తీసిన ఫొటోలు ఒక్కొక్కటీ చూపిస్తుంది.

"ఏ ఊరో సెప్పుకో మావా."

ఆ ఫొటోల్లో గుళ్ళుండవు, గోపురాలుండవు. ఒక నీళ్ళ ట్యాంకరు, పోస్టర్లంటించిన గోడ, టీ బడ్డీ, దాని ముందు పడేసిన మట్టికప్పులు. నీలకంఠం కళ్ళు చికిలించి చూస్తాడు.

"మట్టికప్పుల్లో టీ. కాశీ."

"పూరీలోనూ అమ్ముతారు మరి."

"పూరీ అయితే గోడ మీద ఒడియా రాతలుండవేటి? మనకి ఎరిక లేని రాతలా అవి?"

అతను తప్పడం అరుదు. గెలిచాక ఫోను గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. మెషీను సన్నగా రొద పెడుతుంటుంది. ఆ గోడ పక్కన ఒక సందు మొదలవుతుంది, సందు చివర మెట్లు, మెట్ల కింద గంగ. సాయంత్రం ఆటోలో ఇంటికి వస్తున్నప్పుడు కూడా అతను ఆ సందులోనే నడుస్తుంటాడు. జీడితోటలు, కొబ్బరితోటలు పక్కనుంచి వెళ్ళిపోతుంటే, వాటి మధ్యలో పడవలు కదులుతున్నట్టే ఉంటుంది అతనికి. అలాంటప్పుడు తవిటమ్మ పలకరించదు. అంత దూరం వెళ్ళిన మనిషిని వెనక్కి పిలవడం ఆమెకి ఇష్టముండదు.

పోయిన యాత్ర ఫొటోలు అయిపోయాక మాత్రం అతను కళ్ళు మూసుకోలేదు.

"నీ అంత తిరిగినోలు మనూళ్ళో లేరు. నీ అంత తక్కువ సూసినోలూ లేరు" అన్నాడు.

"పొయ్యి వొదిలేసి ఎలా ఎల్తాను మావా?"

"ఈ తూరి ఆగ్రాలో లోనికెల్లు. తాజ్‌మహల్ ముందల నిలబడి ఒక ఫొటో తియ్యించుకో. నాను ఎల్లలేను, అదింక తేలిపోయింది. నువ్వు ఎల్లగలిగీ సూడకపోతే, మనిద్దరిలో ఎవులు సూసినట్టు?"

ఆ మాట ఆమెకి గుచ్చుకుంది. ఈ మధ్య అతను చిక్కిపోతున్నాడు. మళ్ళీ ఆగ్రా బస్సు వేసేనాటికి ఈ ఆట ఆడడానికి ఉంటాడో లేడో అన్న భయం ఆమెని ఆ రోజు నుంచీ వదల్లేదు.

ఈసారి మధురలో తెల్లారకముందే లేచి, చింతపండు పిసికి పెద్ద గంగాళం నిండా పులిహోర కలిపేసింది. యాత్రలు నడిపించే గౌరీశంకర్ చూసి తల పట్టుకున్నాడు.

"మధ్యాన్నం వేడన్నం లేకపోతే జనం నన్ను తింటారు తవిటమ్మా."

"నిన్ను తినక్కర్లేదు బాబూ, పులిహోర తింటారు. అడిగినోలకి నాను సెప్పుకుంటాను."

ఆగ్రాలో గిన్నెలకి డ్రైవరు పోలారావుని కాపలా పెట్టి, అందరికంటే వెనగ్గా బయల్దేరింది. గేటు దగ్గర పోలీసమ్మ ఆమె సంచి తడిమి అగ్గిపెట్టె తీసి పక్కన పడేసింది. అగ్గిపెట్టె లేకుండా తవిటమ్మ ఏ ఊళ్ళోనూ అడుగు వెయ్యలేదు. చేతులు ఊరికే వేలాడుతుంటే ఎర్రటి గుమ్మం దాటింది.

ఎదురుగా అది ఉంది. తెలుపంటే ఆమెకి అన్నం తెలుపు తెలుసు, కొబ్బరి తెలుపు తెలుసు. ఈ తెలుపు వేరు. నేల మీద నిలబడ్డట్టు లేదు, ఎవరో గట్టిగా మాట్లాడితే పైకి లేచిపోయేలా ఉంది. ఆమె ఇంకా దగ్గరికి నడిచింది. ఏ పొయ్యీ ఆమెని పిలవడం లేదు. ఎంతసేపు చూసిందో ఆమెకే తెలీదు. గోడ దాకా వెళ్ళాక మావ మాట గుర్తొచ్చి, పక్కనున్న ఉత్తరాది ఆవిడకి సైగ చేసి ఫోను చేతిలో పెట్టింది.

ఆ ఫొటో బస్సెక్కాక గానీ చూసుకోలేదు. ఆవిడ మరీ దగ్గరగా తీసింది. గుమ్మటం లేదు, స్తంభాలు లేవు. తవిటమ్మ మొహం, వెనక ఇంత తెల్లగోడ, అంతే. అప్పటికి బస్సు ఊరు దాటేసింది. జనం పులిహోర బావుందని మెచ్చుకుంటుంటే ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

పలాస వచ్చిన మర్నాడు స్టూలు మీద కూర్చుంది. ఆ ఒక్క ఫొటోయే చూపించింది.

"ఏ ఊరో సెప్పుకో మావా."

నీలకంఠం చాలాసేపు చూశాడు. "ఎనకాల తెల్లగోడ. ఆసుపత్రా? తోవలో నీకేటైనా అయిందేటి?"

కాదని తలూపింది. అతను ఫోను ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. ఈసారి గోడని చూడలేదు, ఆమె మొహం చూశాడు. పెళ్ళయిన కొత్తలో కూడా ఆ మొహం అంత తీరిగ్గా ఉండగా అతను చూసి ఎరగడు.

"ఆసుపత్రి కాదులే. ఇక్కడి మొకాలు నాకెరికే" అన్నాడు. "ఏ ఊరో సెప్పలేను తవిటీ, ఓడిపోయినాను. కానీ నువ్వు లోనికెల్లినావు. సూసినావు."

ఓడిన మనిషి అంత సంతోషంగా ఉండడం ఆమె ఎక్కడా చూడలేదు. అతను ఫోను గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

"గేటు కాడ నుంచి సెప్పు. బేగి సెప్పీకు, నిదానంగా సెప్పు."

తవిటమ్మ స్టూలు ముందుకి జరుపుకుని, అగ్గిపెట్టె పోయిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది.