బూడిదలో కలిపిన బస్తా

అచ్చులో పడిన ప్రతి మాటా నిజమేనని, దాన్ని చదవగలిగినవాడు మేధావేనని నమ్మిన రోజులవి. అయిదో తరగతిలో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదువుకుంటూ నేను మా ఊరి పండితుణ్ణయిపోయాను. (ఈ కాలపు కుర్రాళ్ళు చేతిలో ఫోనుండి కూడా ఎరువు బస్తా మీది అక్షరం చదవరు. చెప్పి చెప్పి నా నోరే అలిసిపోయింది.)

బొబ్బిలి దగ్గర మా మేనమామకి ఉన్నదల్లా ఎకరం మడి. ఏడాది తిండి అందులోంచే రావాలి. ఆ ఏడు నాట్లయ్యాక వరి ఎంతకీ పచ్చబడలేదు. మావ పొద్దంతా వరసలో నిలబడి ఒకే ఒక్క బస్తా అమ్మోనియం సల్ఫేటు తెచ్చాడు. చూడ్డానికి పంచదారే. అందులోని నత్రజని పైరుకి పచ్చదనమిస్తుందని, పొడిమట్టి కలిపి చల్లమని బస్తాతో ఇచ్చిన కరపత్రంలో ఉంది. మట్టి కలపడానికి పండితుడెందుకు? మా వైపు పొయ్యి బూడిద కూడా పొలానికి వేసేదే కదా, రెండు బలాలూ కలిస్తే మూడో బలం పుడుతుందనుకున్నాను. రెండు తట్టల బూడిద పోసి, ఎగరకుండా నీళ్ళు చిలకరించి, కలిపించాను.

గుప్పున ఘాటు లేచింది. అత్త కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "ఒరే, ఏటి కలిపినావురా? కళ్ళు మండిపోతన్నాయి!"

"అదే అత్తా, బలం! ఎలా బయటికొస్తన్నాదో సూడు!" అన్నాను. (ఆ మాట మాత్రం నిజం. బలమంతా బయటికే వచ్చింది.)

"సదివినోడు సెప్తన్నాడు, ఊరుకోయే," అని మావ ముక్కుకి తువ్వాలు కట్టుకుని మరీ చల్లాడు.

పది రోజులకి పక్క మడి నిగనిగలాడింది. మాది మరింత పాలిపోయింది. "ఏటి బావా, పసుపు తోటేసినావా?" అని పక్క మడాయన గట్టు మీంచి నవ్వాడు. బూడిద తగిలితే నత్రజని గాలిలో కలిసిపోతుందని వ్యవసాయ శాఖ ఉద్యోగి చెప్పేదాకా మాకు తెలియలేదు.

మావ తిట్టలేదు. నా చేతికో కుండ ఇచ్చాడు. "పోనాది పోనాది. ఇంక ఆవులెనకాల తిరగరా అల్లుడా."

మూడు వారాలు పశువుల మూత్రం పట్టి, నీళ్ళు కలిపి మడికి మోశాను. నన్ను చూసి ఊరు ఊరంతా పక్కకి తప్పుకునేది. పైరు కాస్త తేరుకుని సగం పంట చేతికొచ్చింది. కొత్త బియ్యం వండిన రోజు మావ తన కంచంలోది తీసి నా కంచంలో పెట్టాడు. "తినరా. గాలికొగ్గేసింది పోగా మిగిలిందిదే."

మిగతా ఏడాది వాళ్ళు అంబలితో గడిపారు. ఆనాటి నాలోని ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే మొన్నమొన్నటిదాకా చెంప పగలగొట్టాలనిపించేది. ఇప్పుడా ఓపిక కూడా లేదు. కళ్ళనీళ్ళు కారుతున్నా అదే బలమని అంత ధీమాగా చెప్పాడు, వెధవ. దేన్ని గురించైనా అంత నమ్మకంగా మాట్లాడి నాకు ఎన్నేళ్ళయిందో!