పిట్టకు పెట్టుడు

మా అన్న లింగమూర్తి పత్తికి మందు కొడుతూ చేనులోనే పడిపోయాడు. దవాఖానకు చేర్చేసరికి ప్రాణం లేదు. ఆ మందు కంపెనీ మనిషి రంగనాథ్ గడప దాకా వచ్చి, "మోతాదు మించి కొట్టాడండి, తప్పు ఆయనదే" అని చెప్పి వెళ్లాడు. మా వదిన భూలక్ష్మి ఏడవలేదు. అతని పేరు మాత్రం మళ్లీ అడిగి తెలుసుకుంది.

తర్వాత హైదరాబాదులో ఉండే మా ఇంటికే వచ్చి ఉంటూ, గచ్చిబౌలిలో ఒక గెస్ట్‌హౌస్‌లో వంటకు కుదిరింది. తొంభై తొమ్మిదిలో, మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో, విషపు మందులు ఆపే విషయమై దేశదేశాల వాళ్లు సభ పెట్టారు. తన మందుకు ఇంకో పదేళ్లు గడువు కావాలని రంగనాథ్ పట్టు. సభలో తేలలేదు. "ఇలాంటివి అన్నం దగ్గర తేలతాయండి" అంటూ వాళ్లను మధ్యాహ్నం గెస్ట్‌హౌస్ తోటలో భోజనానికి పిలిచాడు. వదినను పోల్చుకోలేదు.

"పల్లెటూరి వంట చెయ్యమ్మా. మీ పద్ధతిలోనే వడ్డించు."

"మా పద్ధతిల్నేనా సారూ?"

సాయానికి వెళ్లిన నేను వంటలు చూడగానే కత్తిపీట పక్కన పెట్టేశాను. అన్నీ అన్నకు ఇష్టమైనవే.

"వదినా, ఇది దినాల వంట గద!"

"నోర్మూస్కొని ఉల్లిగడ్డ కొయ్యి, పిల్లా."

అందరూ కూర్చున్నాక వదిన నిండు విస్తరి రంగనాథ్ చేతిలో పెట్టింది. "ముందుగాల పిట్టకు పెట్టాలె సారూ. పిలిచినోళ్లే పెట్టాలె."

కోస్తా మనిషి. పిట్టంటే పిట్టే అనుకున్నాడు. పక్షుల మీద మా వాళ్లకు ఎంత ప్రేమో ఇంగ్లీషులో చెప్పి, విస్తరి గోడ మీద పెట్టి దండం పెట్టాడు. తెల్లవాళ్లు చప్పట్లు కొట్టారు. ఒకామె ముచ్చటపడి, ఏ పిట్టలొస్తాయని వదినను అడిగింది. ఆ మాటను మాకు తెలుగులో చెప్పింది వాళ్ల వెంట వచ్చిన జయంతి.

"పిట్ట గాదు బిడ్డా, నా మొగడొస్తడు. సచ్చినోళ్లకు పెట్టుడే మాకు పిట్టకు పెట్టుడు. ఈ సారు మందు కొట్టే సచ్చిండు. సంపినోడి చేత్తోనే పెట్టించిన. ఉన్నదున్నట్టు చెప్పు."

"జయంతి గారూ, వద్దండి!" అని రంగనాథ్ అడ్డుపడ్డాడు.

జయంతి చెప్పేసింది. ఎత్తిన ముద్దలు విస్తళ్లలోకి దిగాయి.

కాకి రాలేదు. "ముడ్తలేదు సారూ," అంది వదిన. "ఆయినకు మాటియ్యాలె. పదేండ్ల గడువు అడగనని చెప్పు."

అందరూ అతని వైపే చూస్తున్నారు. "అడగనండి" అని గొణిగాడు.

"గట్టిగ."

"అడగను!"

అడక్కుండానే జయంతి దాన్నీ ఇంగ్లీషులో చెప్పింది. ఆ తెల్లామె ఆ మాటే మళ్లీ అడిగి, అతనితో అవుననిపించింది.

కాకి వచ్చిందో లేదో నేను చూడలేదు. కారు దాకా తలొంచుకుని నడిచిన ఆ మనిషిని కడుపు నిండా చూశాను.