హన్మకొండలో సల్సా మధ్యాహ్నం, నా సొట్ట ట్రంపెట్

నా పేరు ఎలియా. నెక్కొండలో ముప్పై ఏళ్లు పెళ్లి బ్యాండులో ట్రంపెట్ ఊదాను. ముందు పళ్లు ఊడిపోయాక మానుకున్నాను. చదివింది ఏడో తరగతి, తప్పులుంటే మన్నించండి. ఈ సంతోషం నా కడుపులో ఆగడం లేదు, అందుకే రాస్తున్నాను. నిజానికి మొన్న ఆదివారం హన్మకొండకు నేను పాటలు వినడానికి పోలేదు. మా బిడ్డ రూతును ఉద్యోగం మాన్పించి ఇంటికి తెచ్చుకుందామని పోయాను.

రూతు హన్మకొండలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తూ హాస్టల్లో ఉంటుంది. మూడు నెలలుగా ఆదివారం ఎప్పుడు ఫోన్ చేసినా క్వయర్ ప్రాక్టీసు అంటుంది. దేవుని పాటలకు నాలుగు గంటల ప్రాక్టీసా? క్రిస్మస్‌కు వచ్చినప్పుడు "మీటలు పట్టేసినయ్ బాపూ, రిపేరు చేయిస్త" అని నా ట్రంపెట్ పట్టుకుపోయింది. మళ్లీ దాని జాడ లేదు. పోయిన వారం ఫోన్ స్టేటస్‌లో ఒక ఫొటో పెట్టింది. ఎర్ర లిప్‌స్టిక్కు, తళతళలాడే చొక్కా, నెత్తి మీద అద్దం ముక్కలు అతికించిన పెద్ద బంతి, వెనక గోడ మీద ఏదో హాలు పేరు. పది నిమిషాల్లో తీసేసింది. తప్పు లేకపోతే తీసేయడం ఎందుకు? హాలు పేరు మాత్రం నేను కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

ఆరాధన అయిపోగానే ప్యాసింజరు ఎక్కాను. వరంగల్‌కు టికెట్టు పది రూపాయలు, ముప్పావు గంట ప్రయాణం. బయలుదేరేటప్పుడు మా ఇంటావిడ సర్వపిండి డబ్బా చేతిలో పెట్టింది. పది మందికి సరిపోయేంత బరువుంది. "గింతెందుకే?" అంటే "తినేటోళ్లు ఉంటరు తియ్" అంది. ఎవరా తినేటోళ్లు? ఇప్పుడు ఆమె మీద కూడా అనుమానమే. స్టేషన్ బయట హన్మకొండ చౌరస్తాకు షేర్ ఆటోలు వరుసగా ఉంటాయి. నేను ఇరవై ఐదు ఇచ్చాను. డ్రైవరుకు కాగితం చూపించగానే పెద్దగా నవ్వాడు.

"ఓ, డిస్కో హాలా! ఏం తాతా, నువ్వు గూడ ఎగురుతవా?"

"నా సంగతి ఇడిసిపెట్టు. లోపల ఏం చేస్తరో చెప్పు."

"నాకేమెర్క! కిటికీలకు నల్ల పర్దాలు, లోపల దంచుడే దంచుడు. జర నడుం పైలం తాతా!"

హాలు ఒక టెంట్‌హౌస్ దుకాణం పైన మొదటి అంతస్తులో ఉంది. ఆదివారం మూడింటికి మొదలవుతుంది. మనిషికి వంద రూపాయలు, షర్బత్ అందులోనే. పట్టపగలు నల్ల పర్దాలెందుకు? గ్లాసులో ఇచ్చిన ఎర్ర నీళ్లను మూడుసార్లు వాసన చూశాను. గులాబీ షర్బత్తే. అయినా తాగలేదు. తువ్వాలు తలకు చుట్టుకుని చివరి కుర్చీలో కూర్చున్నాను. తెల్ల బూట్లేసుకున్న ఒక పెద్దమనిషి వచ్చి పక్కన కూర్చున్నాడు. పేరు జోసెఫ్, ఆ హాలు నడిపేది ఆయనే. వయసులో ఉండగా ఓడల మీద డ్రమ్ములు వాయించాడట.

"ఇక్కడ ఏ పాటలు వాయిస్తరు?" అని కూపీ లాగాను.

"సల్సా అన్నా. మన పడుచుతనంల అమెరికాల డిస్కో క్లబ్బులు జోరు మీదుండె. ఓడ ఆగినప్పుడల్లా పోయేటోణ్ణి. ఇసొంటి అద్దాల బంతి కిందనే క్యూబా, పోర్టోరికో దిక్కోళ్లు ఈ పాటలు వాయించేటోళ్లు. డిస్కో కోసం వచ్చినోళ్లు గూడ ఇది ఇన్నంక కుర్చీల కూసునకపోయేది. ఆ రికార్డులు ఇని ఇని మా పిల్లలు నేర్సుకున్నరు."

ఓడల కథలు చెప్పేవాళ్లను నేను అంత తొందరగా నమ్మను. నమ్మినట్టు తలూపాను.

ఎదురుగా వేదిక మీద చీకట్లో ఎవరో పొడుగు డ్రమ్ములను అరచేతులతో మెల్లగా వాయిస్తున్నారు. ఇంతలో రెండు కర్రల చప్పుడు. టక్, టక్, టక్. టక్ టక్. మా పెళ్లి బ్యాండులో ఒక కట్టుబాటు ఉంది. బరాత్ గోలలో మాట వినపడదు కాబట్టి, పాట ఆపాలంటే మేస్త్రి రెండు కర్రలు కొడతాడు. అది వినగానే ఎవరి వాయిద్యం వాళ్లు దించాలి. అంటే వీళ్లు నన్ను చూసేశారు, ముసలోడు వచ్చిండు ఆపుండ్రి అని సైగ చేసుకుంటున్నారు! లేచి నిలబడి అరిచాను.

"ఏం దాస్తాన్రు? లైట్లెయ్యుండ్రి! నా బిడ్డేది?"

జోసెఫ్ నా తువ్వాలు పట్టుకుని లాగాడు. "కూసో అన్నా! అది ఆపుమని కాదు. ఈ పాటల కర్ర ఆగనే ఆగదు. అందరు దాన్ని పట్టుకునే నడుస్తరు."

నిజమే, ఎవరూ ఆపలేదు. డ్రమ్ములు ఊపందుకున్నాయి, కుర్చీల్లోని జనం లేచి ఆడటం మొదలుపెట్టారు, గంట కలిసింది, వాటన్నిటి మీద నుంచి ఒక ట్రంపెట్ లేచింది. లైటు వెలిగింది. ఆ ట్రంపెట్ అంచు మీద సొట్ట ఉంది. మేడారం దారిలో పెళ్లి లారీ మీద నుంచి పడ్డప్పటి సొట్ట. అది నాది. ఊదుతున్నది మా రూతు.

ముందుకు నడిచాను. నన్ను చూసి రూతు ట్రంపెట్ దించేసింది. డ్రమ్ములు ఆగాయి, ఆడేవాళ్లు ఆగారు. కర్రలాయన ఒక్కడే వాయిస్తున్నాడు.

"ఊదుకుంటనంటే ఇస్తుంటివా బాపూ? నాకు పదేండ్లప్పుడు ఊదితే, ఆడివిల్ల బ్యాండు ఊదితే నవ్వుతరని పెట్టెకు తాళమెయ్యలే?"

వేశాను. ఆ సంగతి నేను మరిచిపోయాను, తను మరవలేదు. చెవిలో ఇంకా టక్, టక్, టక్. టక్ టక్.

"మరి ఎందుకు ఆపినవ్ బిడ్డా?" అన్నాను. "కర్ర మోగుతనే ఉంది గదా!"

అబ్బబ్బ, ఆ తర్వాత ఊదిందండీ! దేవునికి స్తోత్రం, నా ముప్పై ఏళ్లలో నేను ఒక్కనాడూ అంత పై స్వరానికి పోలేదు. పాటకూ పాటకూ మధ్య "ఊపిరి పొట్టల నుంచి తియ్యి" అని చెప్పాను, చెప్పకుండా ఉండలేక. విరామంలో డబ్బా తెరిస్తే ఎనిమిది మంది వాయించేవాళ్లు సర్వపిండి చిటికెలో ఖాళీ చేశారు. మా ఇంటావిడకు మొదటి రోజు నుంచే తెలుసట!

మూడు నెలలు నిద్ర లేకుండా నా బిడ్డను అనుమానించాను. దాచుకునేలా చేసింది నేనేనని ఒక్కసారి కూడా తోచలేదు. ఇంటికొచ్చి పెట్టె అడుగున మిగిలిన రెండో మౌత్‌పీసు తీసి, తుడిచి, హాస్టలుకు పంపాను. మీరు పోవాలనుకుంటే ఆరింటికల్లా అయిపోతుంది, తిరుగు బండి హాయిగా అందుతుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి. మీలో బ్యాండువాళ్లెవరైనా ఉంటే, కర్రలు మోగగానే నాలాగా లేవకండి. కూర్చోండి. పాట మొదలయ్యేది అప్పుడే.