ఒడిలా మెర్సియే తేలిక పార్సిళ్ళు

మా సాన్-ఫ్లోరిమోన్ ఊళ్ళో దెయ్యాన్ని ఫాదరుగారు ఆదివారాలు మాత్రమే తిట్టేవారు. ఒడిలా మెర్సియే మాత్రం పోస్టాఫీసు త్రాసును రోజూ తిట్టేది.

ఆమె బాధ ఆమెది. మేపుల్ చెట్ల ఊట కాచి తీసే పాకం నీళ్ళలాంటిది కాదు. చిన్న డబ్బా చేతిలో పెట్టుకున్నా చెయ్యి కిందికి లాగుతుంది. దాన్ని చెక్కపెట్టెలో పెట్టి, చుట్టూ రంపపు పొట్టు కూరి, మోంట్రియాల్ పట్నానికి పంపాలంటే పెట్టె బరువుకు కూడా డబ్బు మనమే కట్టాలి. ఒకసారి ఆమె పార్సిళ్ళు నా ట్రక్కులోంచి దింపగానే పోస్టాఫీసు నేల జానెడు కుంగింది. నేను కళ్ళారా చూశాను. మా కాన్వెంటు సిస్టరు ఒకావిడ, అబద్ధం పాపమేగానీ అతిశయోక్తి జలుబులాంటిది, వచ్చినవాడి తప్పేమీ లేదు అనేది.

ఒడిలా భర్త ఒనెజీమ్ పోయాక కూడా ఆమె తోట వదల్లేదు. మంచు కరగడం మొదలుకాగానే చెట్లకు గొట్టాలు బిగించి, బాల్చీలు తగిలించి, ఊటను షెడ్డులో బానల కింద కట్టెలు ఎగదోస్తూ కాచేది. ఆమె పాకం కొనేవాళ్ళంతా మా ఊళ్ళోంచి పట్నం మిల్లులకు వెళ్ళిపోయిన కుటుంబాలు. డబ్బా మూత తీసి వాసన చూసి, "ఇది ఒడిలా వాళ్ళ గుట్టది" అనగలిగినవాళ్ళు. కానీ పాకం ఖరీదుకంటే రవాణా ఖర్చే ఎక్కువైపోయి ఒక్కొక్కరే మానేస్తున్నారు.

అటుపక్క పాకం పీపాల వ్యాపారి కాచుకుని కూర్చున్నాడు. తోటా షెడ్డూ కౌలుకిచ్చేస్తే చాలు, ఆమె చెట్ల పాకం జిల్లా అంతటి పాకంతో కలిసి ఒకే పీపాలో పడుతుంది. "ఈసారి కూడా పార్సిళ్ళు గిట్టకపోతే వచ్చే ఏడు ఈస్టరుకి కౌలు కాగితం పట్టుకు రమ్మంటాను" అని ఒడిలా అనేసింది. అని, ఏడుపు ఆపుకోడానికి నా ట్రక్కు టైరును ఒక తన్ను తన్నింది.

ఆ ఏడు ఆమె చెయ్యని ప్రయోగం లేదు. రంపపు పొట్టు బదులు గొర్రె ఉన్ని పెట్టింది. పాకానికి పొట్టేలు కంపు పట్టిందని పట్నంనుంచి కబురొచ్చింది. చివరికి చెక్కపెట్టె మాని అట్టపెట్టె తెచ్చి, డబ్బాల మధ్య మొక్కజొన్న పేలాలు పోసింది.

"పేలాలా?" అంది ఆడపడుచు బ్లాందిన్. "ఎలుకలకి కూడా పోస్టులో విందు పంపిస్తావా?"

"నువ్వు జపమాల తిప్పుకో వదినా, పెట్టెల సంగతి నాకొదిలెయ్."

బ్లాందిన్ పెళ్ళి చేసుకోలేదు. ఒడిలా ఇంట్లోనే ఉండి, ఆ ఇంటి భక్తినంతా తానే చూసుకునేది. ఈస్టరు నాడు సూర్యుడు రాకముందే వాగుకెళ్ళి, ప్రవాహానికి ఎదురుగా ముంచి నీళ్ళు తెచ్చేది. ఆ నీళ్ళు ఏడాదైనా చెడవు. కంటికలకకు పనికొస్తాయి, ఉరిమినప్పుడు ఇంట్లో చల్లితే పిడుగు దారి మార్చుకుంటుంది. కాకపోతే నీళ్ళు ముంచేదాకా నోరు విప్పకూడదు. బ్లాందిన్ అంతసేపు మాట్లాడకుండా ఉండడమే మొదటి అద్భుతమని మా ఊరివాళ్ళ అభిప్రాయం. ఊళ్ళో సగం ఇళ్ళకు ఆ నీళ్ళు ఆమే పంచేది.

ఈస్టరు మర్నాడు ఒడిలా షెడ్డులోకి వెళ్ళేసరికి ఒక డబ్బాల దొంతర మీద మట్టల ఆదివారం నాడు దీవించిన కొమ్మ కనిపించింది. ఆమె గుండె కరిగిపోయింది. "చూశావా, నోటితో ఎన్నన్నా మా వదిన మనసు వెన్న. నా పార్సిళ్ళు దీవించింది" అని నాతో అంది. ఆ దొంతరలోని డబ్బాలే ముందుగా పేలాల్లో సర్ది పెట్టెలు కట్టింది. కొమ్మను పారేస్తే పాపమని పక్క దొంతర మీద పెట్టింది.

పోస్టుమాస్టరు ఎల్జెయార్ పెట్టెను త్రాసు మీద పెట్టాడు. ముల్లు చూసి, త్రాసును ఒక్కటిచ్చి, మళ్ళీ చూశాడు.

"ఏమ్మా ఒడిలా, డబ్బాలు ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

"కదిపి చూడు బాబాయ్."

కదిపాడు. లోపల డబ్బాలు ఉన్నాయి. ఖర్చు పావువంతుకు పైగా తగ్గింది. ఒడిలా నోరు తెరిచింది, మళ్ళీ మూయడం మర్చిపోయింది. తర్వాతి ఆదివారం చర్చి మెట్ల మీద ఆడవాళ్ళందరికీ పేలాల రహస్యం చెప్పింది. ఊళ్ళో మొక్కజొన్న అంతా ఆ వారమే పేలిపోయింది. పీపాల వ్యాపారి ఎదురైతే, "నీ కాగితంతో పొయ్యి రాజేసుకో నాయనా" అంది.

కొన్నాళ్ళకు ఏడాది మొదటి ఉరుము ఉరిమింది. ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే పంది మాంసం, చిక్కుడు గింజలు తింటున్నాను. ఉన్నట్టుండి దీపం పోయింది. బ్లాందిన్ లేచి, షెడ్డునుంచి తెచ్చుకున్న డబ్బా చీకట్లోనే తెరిచి, ప్రార్థన చదువుతూ గది నాలుగు మూలలా చల్లింది. నా మీద కూడా నాలుగు చుక్కలు పడ్డాయి. మీసం బరువెక్కింది. నాలుకతో చూశాను.

"బ్లాందిన్, ఈ ఏడు వాగు చాలా బాగుంది" అన్నాను.

సరిగ్గా అప్పుడే మెరిసింది. ఆ వెలుగులో చూశాం. కర్టెన్లనుంచి బంగారు తీగలు సాగుతున్నాయి. సెయింట్ ఆన్ పటం మీదనుంచి ఒక చుక్క బద్ధకంగా జారుతోంది. పిల్లి తన వీపును తానే నమ్మలేక చూసుకుంటోంది.

"పాకం!" అని అరిచింది బ్లాందిన్. "నా నీళ్ళేవి?"

"ఏ నీళ్ళు?"

"ఈస్టరు నీళ్ళు! పోయినేడు సీసాలన్నీ చలికి పగిలాయని ఈసారి నీ డబ్బాల్లో పోసి, నీ మిషను మీదే మూతలు బిగించాను కదా! తెలియాలనే పైన కొమ్మ పెట్టాను కదా! ఆ కొమ్మ కిందదే కదా ఈ డబ్బా!"

ఒడిలా చేతిలోని గరిటె కింద పడింది. ఎవరూ తియ్యలేదు. బయట పిడుగు ఎక్కడో పడింది, అదీ ఎవరికీ పట్టలేదు. పాకంకంటే నీళ్ళు తేలిక. చిన్నపిల్లకైనా తెలిసిన ఆ ముక్క ముగ్గురం ఒకేసారి తెలుసుకున్నాం.

"పేలాలు కాదు" అంది ఒడిలా, గుసగుసగా. "దేవుడా, పేలాలు కానే కాదు."

తెల్లారి పోస్టాఫీసుకు పరిగెత్తాం. పార్సిళ్ళు ఎప్పుడో చేరిపోయాయి. "తెరవొద్దని తంతి కొట్టమంటావా?" అన్నాడు ఎల్జెయార్. ఒడిలా నవ్వలేదు. అందరికీ అసలు పాకం తన ఖర్చుతో పంపుతానంది. అలాగే పేలాలు పోసి, అలాగే అట్టపెట్టె కట్టి త్రాసు మీద పెట్టింది. ముల్లు దాదాపు పాత చోటికే వెళ్ళి నిలబడింది. చెక్కపెట్టె మానినందుకు దక్కింది ఆ కాస్తే. ఆమె మెయిలు సంచి మీద కూలబడింది.

"బాబాయ్, ఆ వ్యాపారికి కబురు పంపు. వచ్చే ఏడు ఈస్టరుకి కాగితం తెచ్చుకోమను."

ఆ శనివారం ఒడిలా షెడ్డు ముందు బస్సులోంచి ఇద్దరు ఆడవాళ్ళు దిగారు. ముందు పట్నంలో పాకం తెప్పించుకునే మదామ్ లతులిప్, చేతిలో ఒడిలా డబ్బా. వెనక కర్ర పట్టుకుని ఆమె తల్లి దెలిమా, ఒకప్పుడు మా ఊరి పిల్లే.

"ఇదేంటమ్మా ఇది?" అంది కూతురు, డబ్బాను బల్ల మీద కొట్టి. "ఆదివారం నా అట్లు ఈత కొట్టాయి! పిల్లలు పెట్టెలోని పేలాలు తిని లేచారు!"

ఒడిలా తల వంచుకుని రెండు పాకం డబ్బాలు ముందు పెట్టింది. "క్షమించండి. ఇవి తీసుకోండి."

"నువ్వుండవే" అని ముసలమ్మ కూతుర్ని పక్కకు నెట్టింది. "అమ్మాయ్, ఇది మన వాగు కదూ? ఈస్టరుది కదూ? పట్నంలో కుళాయి తిప్పితే బట్టలుతికే మందు వాసన. ఆ ఖాళీ డబ్బా వాసన చూస్తూ వారం రోజులు పడుకున్నాను. డబ్బా ఎంతకిస్తారు?"

బ్లాందిన్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. "ఈస్టరు నీళ్ళు అమ్మడమా! అమ్మితే మహిమ పోతుంది!"

"పోనీ ఊరికే పోస్టులో పంపు."

"తపాలా బిళ్ళ అంటిస్తే అదీ అమ్మినట్టే. కావలసినవాళ్ళు పొద్దు పొడవకముందు వచ్చి ముంచుకోవాలి. నోరు మూసుకుని."

"వస్తాను" అంది ముసలమ్మ. "నాలాంటివాళ్ళు మా వీధి నిండా ఉన్నారు. వాళ్ళనీ తెస్తాను."

మదామ్ లతులిప్ ఆ రెండు డబ్బాలూ సంచిలో వేసుకుని, ఇంకో నాలుగు కొంది. "వీటి పోస్టు ఖర్చెంత?" అంది, ఇంకా కోపంగానే.

ఒడిలా ఆమె సంచికేసి, బస్సుకేసి, మళ్ళీ సంచికేసి చూసింది. దెబ్బ తగిలినదానిలా కుర్చీ పట్టుకుంది. "మీ ఒళ్ళో పెట్టుకుంటే... ఎంతవుతుంది? ఏమీ అవ్వదు."

మరుసటి ఈస్టరుకు పీపాల వ్యాపారి మాట ప్రకారం కాగితం పట్టుకుని తెల్లవారుజామునే వచ్చాడు. అప్పటికే షెడ్డు ముందు పట్నం బస్సు నిలబడి ఉంది, గుమ్మంలో వాళ్ళు కొని మోసుకెళ్ళడానికి పాకం డబ్బాలు పేర్చి ఉన్నాయి. గుట్ట మీదనుంచి వాగుదాకా మంచులో ఆడవాళ్ళ బారు, ముసలీ ముతకా, చేతుల్లో ఖాళీ సీసాలు. ఒక్కరూ మాట్లాడడం లేదు.

"ఒడిలా, కౌలు సంగతి ఏం చేశావ్?" అన్నాడు.

ఆమె అతనికేసి చూసింది, నడుస్తూనే ఉంది. బ్లాందిన్‌ను అడిగాడు. చర్చి మెట్లనుంచి పక్క ఊరిదాకా వినిపించే బ్లాందిన్ కూడా పెదవి విప్పలేదు. నన్నడిగాడు. నేనూ సీసా పట్టుకునే ఉన్నాను.

దెయ్యాల ఊరేగింపనుకున్నాడో ఏమో, అతను టోపీ తీసి, సిలువ గుర్తు వేసుకుని, వెనక్కి వెనక్కి నడిచి ట్రక్కు ఎక్కాడు. కాగితం మంచులో పడిపోయింది. దెలిమా ముసలమ్మ దాన్ని చూడకుండానే తొక్కుకుంటూ వాగులోకి వంగి, ప్రవాహానికి ఎదురుగా సీసా ముంచింది.