స్ట్రైకౌట్ లేని సీజను

సాంతా ఈనెస్ చక్కెర మిల్లు కాటా దగ్గర పెర్సియో మాతోస్ పంతొమ్మిదేళ్లు గుమాస్తాగా పనిచేశాడు. కాటా గుమాస్తా అంటేనే చెరకు కొట్టేవాళ్లకి ఒళ్లుమంట. ఏ మిల్లులో చూసినా బండికి ఇంతని తూకంలో నొక్కేసి, నొక్కినదాంట్లో మేనేజరుకి వాటా పెట్టి, ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే రకాలే వాళ్లు. పెర్సియో అలాంటివాడు కాదు. ముల్లు ఎక్కడ ఆగితే అక్కడి అంకె గట్టిగా చదివి, చీటీ రాసిచ్చేవాడు. అందుకున్నవాడు దాన్ని మడిచి జేబులో పెట్టుకుని పోయేవాడు. ముల్లు వైపు కన్నెత్తి చూసినవాడు లేడు. జీతం కంటే, ఆ మాటకొస్తే పెళ్లాం వంట కంటే కూడా, వాళ్లలా చూడకుండా పోవడమే పెర్సియోకి ఇష్టం.

అందుకే ఆదివారం బేస్‌బాల్ ఆటలకి అంపైరుగా కూడా అతన్నే నిలబెట్టారు. బంతి మోకాలికీ ఛాతీకీ మధ్య ఎత్తులో, బేసు మీదుగా వస్తే స్ట్రైకు. అలా రాకపోతే, బ్యాటరు దాని జోలికి పోకపోతే, బాలు. కొట్టబోయి తప్పినా స్ట్రైకే. మూడు స్ట్రైకులైతే బ్యాటరు నోరుమూసుకుని వెళ్లి కూర్చోవాలి, అదే స్ట్రైకౌట్. "ఇందులో తెలివితేటలేం అక్కర్లేదు. చూసింది చెప్పడమే" అనేవాడు పెర్సియో.

కాటా దగ్గర అతనికి పంతొమ్మిదో ఏడు నడుస్తుండగా ఎలాదియో గోల మొదలైంది. ఎలాదియో మిల్లుకి ఎడ్లబండి తోలేవాడు. ముప్పై ఎనిమిదేళ్లు, కాస్త బొజ్జ. పెర్సియో కూతురి జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు కాబట్టి, అక్కడి మర్యాద ప్రకారం ఇద్దరూ ఒకర్నొకరు కొంపాద్రే అని పిలుచుకునేవారు. ఎలాదియో బ్యాటింగు ఎప్పుడూ అంతంతమాత్రమే. కానీ ఆ సీజన్లో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక్కసారి కూడా స్ట్రైకౌట్ కాలేదు. పోనీ బంతుల్ని చెరకు తోటల్లోకి బాదాడా అంటే అదీ లేదు. ఎలాగోలా బ్యాటుకి తగిలించేవాడు. అది తిన్నగా వెళ్లి ఎవడి చేతిలోనో పడేది. అవుటై, నవ్వుకుంటూ వచ్చి కూర్చునేవాడు. స్ట్రైకౌట్ మాత్రం కాడు. ఇలాంటి సీజను పెద్ద లీగుల్లో కూడా ఎవడూ ఆడలేదని మంగలి నీన్ ప్రకటించాడు. నీకెలా తెలుసని ఎవరూ అడగలేదు.

నీన్ షాపుకి గడ్డం గీయించుకోడానికి వచ్చేవాళ్ల కంటే పందెం కాయడానికి వచ్చేవాళ్లే ఎక్కువ. అద్దం పక్కన పలక వేలాడదీసి, సీజను ముగిసేలోగా ఎలాదియో స్ట్రైకౌట్ అవుతాడా కాడా అని దాని మీద రెండే మాటలు రాశాడు: "అవుతాడు", "కాడు". జనవరిలో జనమంతా "అవుతాడు" వైపే. ఫిబ్రవరికి సగానికి సగమయ్యారు. మార్చి వచ్చేసరికి చర్చి గంట కొట్టే ముసలాయనతో సహా ఊరు ఊరంతా "కాడు" వైపుకి వచ్చేసింది. ఎదుటి పక్షాన నీన్ ఒక్కడే మిగిలాడు.

"ఈ బండోడు నన్ను నిలువునా ముంచేస్తాడ్రా" అని కత్తి నూరుకుంటూ ఏడ్చేవాడు.

అంపైరుకి పందేల గాలి కూడా సోకకూడదని పెర్సియో ఆ షాపు గడప తొక్కడం మానేశాడు. ఇంట్లోనే గీసుకుని, దవడల మీద గాట్లతో తిరిగేవాడు.

సీజను ఆఖరి ఆదివారం పొద్దున, ఉడికించి మెదిపిన పచ్చి అరటికాయ మీద వేయించిన ఉల్లిపాయలు వేసి అతని ముందు పెట్టింది అమంతీనా, అతని భార్య. పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"ఇవాళ కొంపాద్రేకి ఎన్నిసార్లొస్తుందంటావ్ బ్యాటింగు?"

"నాలుగుసార్లు. ఎందుకూ?"

"ఊరికే."

"ఊరికే అడిగే మనిషివి కాదే నువ్వు."

"అరవనంటే చెప్తా. అమ్మాయి పదిహేనో పుట్టినరోజుకని దాచామే, ఆ డబ్బు నీన్ దగ్గర కాశా. 'కాడు' మీద."

పెర్సియో ఫోర్కు కింద పెట్టేశాడు. "మతి ఉండే చేశావా?"

"ఉండబట్టే చేశా. ఊరంతా కాసింది, నేనొక్కదాన్నే వెర్రిదాన్నా? అయినా నిన్నేమన్నా చెయ్యమన్నానా? నువ్వు చూసింది నువ్వు చెప్పు."

"మరైతే నాకెందుకు చెప్పావే?"

అమంతీనా తినని కంచం తీసుకుని లోపలికి పోయింది.

ఆటకి వెళ్లకుండా ఉందామనుకున్నాడు. వెళ్లకపోతే ఎందుకని అడుగుతారు. అడిగితే అబద్ధమైనా ఆడాలి, పెళ్లాన్నైనా వీధిలో పెట్టాలి. కళ్లు నావే కదా, పందెం వాటికెలా అంటుతుందిలే అని సర్దిచెప్పుకుని, ముఖానికి కట్టుకునే ముసుగు సంచీలో వేసుకుని బయల్దేరాడు.

ఎలాదియో మొదటి మూడుసార్లు మామూలుగానే ఆడాడు. రెండు క్యాచులు, ఒక హిట్టు. నాలుగోసారి వచ్చినప్పుడు రెండు స్ట్రైకులు పడిపోయాయి. మైదానంలో కూర్చున్నవాడంటూ లేడు. అవతలి జట్టు పిచ్చరు విసిరిన బంతి బేసు అంచు మీదుగా సరిగ్గా మోకాలి ఎత్తున వచ్చింది. ఆ సీజన్లో మొట్టమొదటిసారి ఎలాదియో బ్యాటు కదల్లేదు.

"బాల్!"

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని పెర్సియోకి కాస్త ఆలస్యంగా తెలిసింది. టోపీలు గాల్లోకి లేచాయి. అంత దూరం నుంచి మోకాలి ఎత్తు బంతి ఎవరికి తెలుస్తుంది? పెర్సియో బాలన్నాడు కాబట్టి బాలే. బ్యాటరు వెనక కూర్చుని బంతి పట్టే క్యాచరు మాత్రం "అదేంటి డాన్ పెర్సియో" అని మర్యాదగానే గొణిగాడు. వాళ్లమ్మ కూడా "కాడు" మీదే కాసింది కాబట్టి అంతటితో ఊరుకున్నాడు.

ఎలాదియో వెనక్కి తిరిగాడు.

"కొంపాద్రే, అది స్ట్రైకు కదా" అన్నాడు మెల్లిగా.

"బాలన్నాను. నిలబడు."

"నా మోకాలు నాకు తెలీదేంటి? నీకూ తెలుసు."

"జనం చూస్తున్నారయ్యా, నిలబడు!"

"చూస్తే చూడనీ. ఇన్నాళ్లూ నా ఆట నేనే ఆడుకున్నా. ఇవాళ నువ్వు ఆడిపెట్టక్కర్లేదు."

బ్యాటు నేల మీద పెట్టి, నడుచుకుంటూ పోయి బెంచీ మీద కూర్చున్నాడు. బ్యాటరు నిలబడనంటే స్ట్రైకు ఇవ్వాలన్నది రూలు. పెర్సియో కుడిచెయ్యి ఎత్తాడు. మూడో స్ట్రైకు. ఎలాదియో స్ట్రైకౌట్.

సోమవారం ఊరి కోపమంతా ఎలాదియో మీద పడింది. పెర్సియోని ఒక్కడు ఒక్క మాటనలేదు, పైగా కనబడ్డవాడల్లా జాలిపడ్డాడు. పొద్దున్నే కాటా ముందు బళ్లు బారులు తీరాయి. ఎలాదియో బండి ఓ పక్కన చెరకు కుప్ప దగ్గర ఖాళీగా నిలబడింది. అతని బండికి చెరకెత్తడానికి ఏ ఒక్కడూ రాలేదు. హైతీ నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా చెరకు కొడుతున్న ముసలి మెరిలూస్ అతని ముందుకొచ్చి నిలబడ్డాడు.

"డాన్ పెర్సియో బాలన్నాక కాదనడానికి నువ్వెవడివిరా? ఆయన కళ్ల కంటే నీ కళ్లు గొప్పవా? నా వారం కూలి కాశాను నీ మీద. నిజం చెప్పు, నీన్ దగ్గర ఎంత తిన్నావ్?"

"అంతే, అమ్ముడుపోయాడు" అని వెనక నుంచి ఎవడో అరిచాడు.

ఎలాదియో ఎడ్ల మెడ నిమురుతూ నిలబడ్డాడు. తనేం తిన్నాడో, ఏం తినలేదో చెప్పలేదు. పెర్సియో వైపు చూడనూ లేదు. చూసి ఉంటే పెర్సియోకి కాస్త కోపమైనా వచ్చేది. ఇప్పుడు సిగ్గు తప్ప ఏమీ రాలేదు. నోరు మెదపకపోతే చాలు, తన పేరు పంతొమ్మిదేళ్లూ ఎలా ఉందో అలాగే ఉంటుంది. పది రోజులు పోతే ఎలాదియో ఇంకో మిల్లు చూసుకుని పోతాడు.

పెర్సియో లేచి, కాటా గది బయటికొచ్చాడు.

"అది స్ట్రైకే" అన్నాడు.

మెరిలూస్ వెనక్కి తిరిగాడు. "ఏమన్నారు డాన్ పెర్సియో?"

"స్ట్రైకని చూశాను. చూసి కూడా బాలన్నాను. మా ఆవిడ పందెం కాసింది. వాణ్ని ఎవరూ కొనలేదు. అమ్ముడుపోయినవాణ్ని నేను."

కాసేపటికి ఇద్దరు కుర్రాళ్లు తలలు దించుకుని ఎలాదియో బండికి చెరకెత్తడం మొదలుపెట్టారు. ఎలాదియో అప్పుడు చూశాడు పెర్సియో వైపు, ఒక్కసారి తలాడించాడు.

పని మొదలైంది. మొదటి బండిలో ఉన్నది మెరిలూస్ కొట్టిన చెరకు. కాటా ఎక్కించారు. ముల్లు ఊగి ఊగి ఆగింది.

"రెండు వేల మూడు వందల నలభై" అని చదివి, చీటీ రాసి, పెర్సియో చెయ్యి చాచాడు.

మెరిలూస్ చీటీ అందుకోలేదు. బండి చుట్టూ తిరిగి, కాటా గదిలోకి వచ్చి, ముల్లు ముందు వంగాడు. అంకెలు చదవడం రాని మనిషి. అయినా కళ్లు చికిలించుకుని చాలాసేపు చూశాడు.

అతనికి వెలుతురు అడ్డం రాకుండా పెర్సియో పక్కకు జరిగాడు.