నా కారు కొట్టయిన ఆదివారం

శనివారం సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలు. పుదుచ్చేరి గాంధీ వీధిలో, నేను అద్దెకున్న మేడ మెట్లకు పదకొండు మీటర్ల దూరంలో, కరెంటు స్తంభానికీ చెత్తతొట్టికీ నడుమ నాలుగున్నర మీటర్ల జాగా. మూడు మీటర్ల అరవై సెంటీమీటర్ల నా కారును అందులోకి వెనక్కి నడిపి, ఒక్క ప్రయత్నంలో నిలిపాను. నడివూళ్లో బండికి చోటు దొరకడమంటే ఏమిటో అక్కడ కాపురమున్నవారికి చెప్పనక్కర్లేదు. లేనివారికి చెప్పినా నమ్మరు. ఆ ఘనకార్యం తెల్లవారేసరికి నాలుగు కొట్ల పైకప్పులనూ, మా చెల్లెలి ఉద్యోగాన్నీ ఒకే తాటికి వేలాడదీసింది. ఎలాగో మనవి చేస్తాను.

యానాం నుంచి బదిలీపై వచ్చి అప్పటికి నాలుగు రోజులే. నేను ఇంజనీరును, కాఫీలో చక్కెర కూడా కొలవకుండా వేసుకోని రకం. చెల్లెలు పద్మ నర్సు ఉద్యోగపు రాతపరీక్ష కోసం నా దగ్గరికి వచ్చింది. పరీక్ష జరిగేది కడలూరు రోడ్డు మీద, పద్నాలుగు కిలోమీటర్ల దూరాన కిరుమాంబాక్కంలో. తొమ్మిదిన్నరకు గేటు మూస్తారు. వయోపరిమితి ప్రకారం ఆమెకు అదే ఆఖరి అవకాశం.

రోజూ సైకిలు దూరడానికి కూడా సందులేని వీధిలో ఆ సాయంత్రం నా కారు తప్ప మరో బండి లేదు. పాఠకులు ఇక్కడ అనుమానించాలి. నేను అనుమానించలేదు. టీకొట్టాయన మాత్రం అడిగాడు.

"సార్, బండి ఈడనే ఉంటాదా? రేపు ఆదివారం గదా."

"ఉంటుంది. రేపు ఎనిమిదికి తీస్తాను."

"ఎనిమిదికా," అని నన్ను కాసేపు చూసి, ఆయన గ్లాసులు కడగడంలో మునిగిపోయాడు. పట్నవాసులకు పక్కవాడి సమయపాలన పట్ల ఎంత గౌరవమో అని మురిసిపోయాను.

ఆదివారం ఎనిమిదికి పద్మతో కలిసి మెట్లు దిగితే వీధి లేదు. టార్పాలిన్ల కింద చొక్కాలు, చెప్పులు, ప్లాస్టిక్ బకెట్లు, వాటి మధ్య జనం. గాంధీ వీధిలో ప్రతి ఆదివారం సంత జరుగుతుందనీ, శనివారం చీకటిపడే లోపే అందరూ బండ్లు తీసేస్తారనీ ఆ పేటలో పాకే పిల్లలకు కూడా తెలుసట. నా కారును రెండు నైటీల మధ్య నంబరుప్లేటు చూసి గుర్తుపట్టాను. పైనున్న సామాన్ల క్యారియరుకు అటూ ఇటూ వెదురు గడలు కట్టి, వాటికి వరుసగా నైటీలు వేలాడదీశారు. బానెట్టు మీద లంగాలు పరిచి, పక్కన స్టూలు మీద ఒక యాభయ్యేళ్ల ఆవిడ కూర్చుని ఉంది. పేరు సరోజమ్మ.

"అమ్మా, ఇది నా కారు."

"నీదేనా తంబీ? మంచి బండి. సరుకు పరచను ఎత్తు సరిపోయింది."

"దీన్ని తీయాలి."

"తీద్దువులే, సంత ముగిసినాక."

"ఇప్పుడే తీయాలమ్మా. మా చెల్లెలికి పరీక్ష ఉంది."

"యాడికి తీస్తావు? పైకి చూడు."

చూశాను. చుట్టూ నాలుగు కొట్ల టార్పాలిన్ తాళ్లు నా క్యారియరుకే బిగించి ఉన్నాయి. నిర్మాణశాస్త్రం చదువుకున్నవాడిగా చెబుతున్నాను, నా కారు ఆ వీధికి మూలస్తంభమైంది.

"అన్నయ్యా, నిన్న టేపు పెట్టి మరీ కొలిచావు," అంది పద్మ. "క్యాలెండరు కూడా ఓసారి చూడాల్సింది."

"ఆటో పిలుద్దాం."

"ముగ్గురికి ఫోన్ చేశాను. గాంధీ వీధి అనగానే పెట్టేస్తున్నారు."

ఏ తాడు విప్పితే ఏ గుంజ మీద ఎంత బరువు పడుతుందో నేను సరోజమ్మకు వివరించసాగాను. ఆవిడ ఓపిగ్గా సగం దాకా విన్నది.

"ఏంది తంబీ నీ పాఠం. పాపకు ఏం పరీక్ష?"

"నర్సు పరీక్ష పెద్దమ్మా," అంది పద్మ. "తొమ్మిదిన్నరకు గేటు మూసేస్తారు. మళ్లీ రాయడానికి నాకు వయసు లేదు."

సరోజమ్మ లేచింది. తాళ్లు పట్టుకొమ్మని తమిళంలో ఒక్క కేక వేసింది. నలుగురు కొట్లవాళ్లు తాళ్లు విప్పి, చేతులెత్తి పట్టుకుని, గుంజల్లా నిలబడ్డారు. లంగాల మూట వెనక సీట్లోకి చేరింది. నైటీలు మిగిలాయి.

"ఆ గడలు విప్పేదానికి అరగంట పడతాది. నా సరుకు నీ బండి మీద పోతా ఉంటే నేనీడ కూచుని ఏం జేసేది? నేనూ వస్తా," అని ముందు సీట్లో కూర్చుంది.

నైటీల వల్ల నాకు పక్కలు కనబడవు. ఎడమవైపు సంగతులు సరోజమ్మ, కుడివైపు పద్మ చెబుతుండగా బయలుదేరాం. బకెట్లు లేచాయి, చెప్పులు వెనక్కి జరిగాయి, పైకప్పులు ఒకటొకటిగా ఎత్తి పట్టారు. ఎనభై మీటర్లకు పదిహేడు నిమిషాలు. ఆ కాస్త దూరంలోనే ఇద్దరు ఆడవాళ్లు కారు వెంట నడుస్తూ బేరమాడి చెరొక నైటీ లాక్కుపోయారు.

కడలూరు రోడ్డు ఎక్కగానే మిగిలిన నైటీలన్నీ గాలి పోసుకున్నాయి. తలల్లేని ఆడవాళ్లు పాతికమంది మమ్మల్ని తరుముతున్నట్టుంది. కూడలిలో పోలీసాయన ఆపాడు. సరోజమ్మ అద్దం దించి రెండు ముక్కలు చెప్పింది. ఆయన అడ్డంగా వచ్చే బండ్లన్నీ నిలిపి మమ్మల్ని సాగనంపాడు.

"ఏం చెప్పారమ్మా?"

"పాపకు పరీక్ష అన్నా. ఆయనింట్లోనూ ఒక పాప ఉందంట."

తొమ్మిది గంటల ఇరవైనాలుగు నిమిషాలకు పద్మ గేటు దాటింది. అది మూసుకున్నప్పుడు ఆమె లోపలే ఉంది. ఏ పరీక్షలోనూ ఎన్నడూ మొదటిస్థానం రాని నేను ఆ గేటు ముందు జగజ్జేతలా నిలబడ్డాను.

బయట వందలకొద్దీ తల్లులు, మూడు గంటలపాటు ఏం చేయాలో తోచక చెట్ల కింద కూర్చున్నారు. సరోజమ్మ వాళ్లనొకసారి, కారునొకసారి చూసింది.

"తంబీ, కొలతలు నీకు బాగా వచ్చు గదా?"

వచ్చు. మనిషిని చూసి సైజు ఎక్సెల్ అన్నానంటే ఎక్సెలే. ఆ తల్లులకు అమ్మినవాటిలో ఒక్క నైటీ కూడా వాపసు రాలేదు. పద్మ నవ్వుతూ బయటికి వచ్చేసరికి నా కారు మీద వెదురు గడలు మాత్రమే మిగిలాయి. ఆమె ఇప్పుడు స్టాఫ్ నర్సు.

సాయంత్రం సరోజమ్మను సంత మొదట్లో దింపాను. ఆవిడ ఖాళీ గడలు చంకన పెట్టుకుని, కిటికీలోంచి వంగి అడిగింది.

"వచ్చే శనివారం ఎన్నింటికి పెడతావు తంబీ?"

ఆనాడే ఆ కరెంటు స్తంభం సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: శనివారం మధ్యాహ్నం దాటాక గాంధీ వీధిలో నా బండి చక్రం నీడ కూడా పడనివ్వను.

మొత్తం నష్టం: వైపరు ఒకటి, కుడివైపు అద్దం ఒకటి, క్యారియరు మీద జానెడు రంగు. వేరే ఏమీ లేదు.